పద్నాలుగో షరతు

కౌసల్యమ్మ మా ఎదురింట్లోకి బాడుగకు వచ్చి మూడేళ్లు దాటింది. సొంత ఊరు ఆళ్లగడ్డ. వయసు అరవై రెండు. ఆమె గురించి రాయాలని కూర్చున్నాను గానీ ఆమె చేసిన ఘనకార్యాలేవీ లేవు. ఒక్క మాట కోసం మూడేళ్లు అడుగుతూ వచ్చింది. ఆ మాట ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో నేనూ ఉన్నాను కనుక మిగతావాళ్లను తిట్టే హక్కు నాకు పెద్దగా లేదు. అయినా తిడతాను.

ఆమె భర్త చక్రపాణి అహోబిలం గుడి మడపల్లిలో, అంటే వంటశాలలో, ముప్పై ఎనిమిదేళ్లు ప్రసాదాలు వండాడు. పులిహోర, దద్దోజనం గంగాళాల్లో కలిపిన చేతులు. పని మానుకున్నాక ఇద్దరూ ఆళ్లగడ్డలో రెండు గదులు బాడుగకు తీసుకున్నారు. ఆమె అప్పడాలు ఒత్తి, కందిపొడి, మునగాకు పొడి చేసి అంగళ్లకు వేసేది. పిల్లలు లేరు. ఆ సంగతి వాళ్లు మాట్లాడరు, నేనూ రాయను.

ఆళ్లగడ్డలో ఉండగానే ఆమె అత్తగారు పోయింది. ముసలామె ఆస్పత్రిలో పోయింది, ఆటోలో ఇంటికి తెచ్చారు. ఇంటి ఓనరు గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు. కోప్పడలేదు, చేతులు పట్టుకుని బతిమాలాడు. లోపలికి తేవద్దన్నాడు. మా సీమలో ఇది కొత్తేమీ కాదు. ఇంట్లోంచి శవం లేస్తే, పోయిన వేళ నక్షత్రం మంచిది కాకపోతే, మూడు నెలలో ఆరు నెలలో ఇల్లు మూసెయ్యాలంటారు. సొంతదారు తన తల్లి కోసమైతే మూసుకుంటాడు. బాడుగవాళ్ల తల్లి కోసం ఎందుకు మూసుకుంటాడు? బాడుగ మనిషి చస్తే వీధే గతి.

ముసలామెను వీధిలోనే, మురుగుకాలువ పక్కన బల్ల మీద పడుకోబెట్టారు. అప్పుడు వాన. పైన కట్టిన టార్పాలిను నిండి ఒక మూల నుంచి నీళ్లు ముఖం మీద కారుతుంటే, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కౌసల్యమ్మ ఆ ముఖానికి గొడుగు పట్టింది. మోటారు సైకిళ్లు హారన్ కొట్టి దారి అడిగాయి. కర్మలన్నీ అయ్యాక, పదమూడో రోజున, చక్రపాణి భార్యతో చెప్పాడు.

"మా అమ్మకు నాలుగు గోడలు ఇయ్యలేకపోతిని కౌసల్యా."

ఆ మాట ఆమె నాకు చెప్పినప్పుడు అప్పడాలు ఎండబెడుతూ చెప్పింది. చెయ్యి ఆగలేదు.

తర్వాత నాలుగేళ్లకు చక్రపాణికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు నంద్యాల ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఆళ్లగడ్డ నుంచి బస్సులో రావడం, నాలుగు గంటలు మంచం మీద ఉండడం, మళ్లీ బస్సులో పోవడం. కండక్టర్లందరికీ వాళ్లు తెలుసు, ముందు సీటు ఇప్పించేవాళ్లు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో శిరివెళ్ల దగ్గర అతను సీట్లోంచి కిందికి జారిపోయాడు. బస్సును పక్కకు ఆపి నీళ్లు చల్లారు. మరుసటి వారం నుంచి కౌసల్యమ్మ నంద్యాలలో ఇల్లు వెతకడం మొదలుపెట్టింది.

నంద్యాల జిల్లా కేంద్రం అయ్యాక ఇక్కడ బాడుగలకు రెక్కలొచ్చాయి. అది సరే, ఆమె దగ్గర ఇవ్వడానికి ఉంది. పొడుల మీద వచ్చేది, ఇతని పింఛను కలిపితే రెండు గదులకు సరిపోతుంది. అసలు చిక్కు వేరే. ఇల్లు చూపించి, మంచినీళ్లిచ్చి, ఎంతమంది అని అడిగి, డయాలసిస్ అనగానే ఓనర్ల ముఖాలు మారేవి. ఒకాయన కొడుకు వస్తున్నాడన్నాడు. ఒకావిడ వాస్తు బాగు చేయించాలంది. ఏడిళ్లు అట్లా పోయాయి. ఎనిమిదో ఇల్లు మాదే. మేడ మీద వాటా ఖాళీగా ఉంది. మా చుట్టాలు అడిగారని చెప్పాను. మా చుట్టాలెవరూ అడగలేదు. మెట్లు దిగుతూ ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అందులో కోపం లేదు, ఇంకో పేరు కొట్టేసిన చూపు అంతే.

తొమ్మిదోది మా ఎదురిల్లు. దాని సొంతదారు శ్రీహరికి బెంగుళూరులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. వాళ్ల నాయన ఇక్కడ బజారులో వ్యాపారం చేసి ఆ ఇల్లు కట్టాడు. ఆయన పోయాక తల్లి మహానందమ్మను శ్రీహరి తన దగ్గరికే తీసుకెళ్లి, ఇంటిని ఒక కంపెనీకి అప్పగించాడు. ఊళ్లో లేని ఓనర్ల ఇళ్లను ఆ కంపెనీ చూసుకుంటుంది. బాడుగలు వసూలు చేస్తుంది, సున్నాలు కొట్టిస్తుంది, కుళాయిలు బాగు చేయిస్తుంది. దానికేదో ఇంగ్లీషు పేరుంది గానీ ఊరంతా బాడుగల ఆఫీసు అనే అంటుంది. బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి పైన ఒక గది, ఒక ఏసీ, రాకేశ్ అని ఒక మేనేజరు.

కంపెనీలో ఒక మేలుంది, ఒప్పుకోవాలి. వాళ్ల ఫారంలో పేరు, వయసు, ఆధారు నంబరు, పెంపుడు జంతువులు ఉన్నాయా లేవా, అన్నీ ఉన్నాయి. రోగం ఏమిటనే గడి మాత్రం లేదు. అడగలేదు, ఆమె చెప్పలేదు. ఫ్యాన్లు, బల్బులు లెక్కపెట్టి, గోడలకు ఫోటోలు తీసి, పదకొండు నెలల అగ్రిమెంటు ముందు పెట్టారు. కౌసల్యమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి అక్షరమూ చదివింది. పదమూడు షరతులు అచ్చులో ఉన్నాయి. పద్నాలుగోది చేత్తో రాసి ఉంది. 'ఇంటిలోనికి ఎవరి దేహమునూ తేరాదు, ఇంటిలో ఉంచరాదు.'

"ఇదేందప్పా, ఇదొక్కటీ చేత్తో రాసినారు?"

"అది ఓనర్ వాళ్లమ్మ పెట్టించిందమ్మా, మహానందమ్మ గారు," అన్నాడు రాకేశ్. "తక్కినవన్నీ కంపెనీవి. అదొకటి ఆమెది."

"ఆమెతో ఒక మాట మాట్లాడల్ల. నంబరు ఇయ్యి నాయనా."

"ఓనర్లతో నేరుగా మాట్లాడే పద్ధతి లేదమ్మా. ఏదున్నా యాప్‌లో టికెట్ పెట్టాల. మేము అడిగి చెప్తాము."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఈ ఆఫీసులో దేవుడు కనపడనే కనపడడు. రాకేశే ఆమె ఫోనులో యాప్ దించి టికెట్ రాసిపెట్టాడు. కుళాయిలు, కరెంటు, రంగులు, చెదలు అని రకాలున్నాయట. దేనికీ పొసగక 'ఇతరములు' కింద పెట్టాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. యజమాని అంగీకరించలేదు, మీ టికెట్ పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. ఆమెకు ఏం నొక్కాలో తెలియక ఐదూ నొక్కింది.

ఆస్పత్రి మంచం వారానికి మూడు రోజులు ఎదురు చూస్తోంది. వేరే ఇల్లు లేదు. సంతకం చేసింది.

పాలు పొంగించిన రోజు వీధిలో అందరికీ పంచదార వేసిన పాలు గ్లాసుల్లో పంపింది. మా ఇంటికీ పంపింది. నా భార్య తాగింది. నా గ్లాసు కూడా తన ముందుకే జరిపాను.

అప్పటి నుంచి వాళ్ల దినచర్య మా వీధికి గడియారం. సోమ, బుధ, శుక్రవారాలు ఆరున్నరకు ఆటో వస్తుంది. ముందు ఆమె ఎక్కి చెయ్యి అందిస్తుంది, తర్వాత అతను. పదకొండున్నరకు తిరిగొస్తారు. మిగతా రోజుల్లో అతను హాల్లో మంచం మీద, ఆమె వరండాలో అప్పడాల పీట ముందు. వేల మందికి వండిన మనిషికి రోజుకు ఇన్ని నీళ్లని కొలత. ఉప్పు లేదు, చింతపండు లేదు, అరటిపండు లేదు. ఒకసారి నేను పక్కన కూర్చుని ఉండగా అతను ఆమె రోట్లో పొడి దంచే వాసన పట్టి, "ఇంగువ తక్కువైంది," అన్నాడు. ఆమె రుచి చూసింది. తక్కువే అయింది. ఆరోజు అతను నాలుగుసార్లు నవ్వాడు.

పదకొండు నెలలకోసారి అగ్రిమెంటు మారినప్పుడల్లా ఆమె మళ్లీ టికెట్ పెట్టించేది. జవాబు అదే. రెండోసారి రాకేశ్ విసుక్కున్నాడు.

"అమ్మా, ఒప్పుకొనే కదా సంతకం చేసినారు?"

"సంతకం చేసింది బతికేదానికప్పా," అంది ఆమె. "నేనడిగేది వేరే. ఆయప్ప రేపో మాపో పోతాడు, నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. వాళ్లమ్మను రోడ్డు మీద పెట్టిన్యాము. ఆయప్పను పెట్టను. ఒక్క పూట. ఎత్తుకొని పొయ్యేదాకా. ఇల్లంతా నేను కడిగి ఇస్తా. అంతే నేనడిగేది."

రాకేశ్ చెడ్డవాడు కాడు. తల వంచుకుని ఆ మాటలన్నీ టికెట్లో రాశాడు. గడిలో రెండు వందల అక్షరాలే పడతాయట. సగం తెగిపోయింది.

ఇదంతా పోయిన మే నెల దాకా ఉన్న కథ. ఒక గురువారం పొద్దున తొమ్మిదికి రాకేశ్ బండి ఎదురింటి ముందు ఆగింది. బాడుగకు వచ్చే తేదీ కాదు కనుక నేను లేచి వెళ్లాను. చక్రపాణి మంచం మీద ఉన్నాడు. కౌసల్యమ్మ చేతులకు పిండి ఉంది.

"అమ్మా, ఓనర్ వాళ్లమ్మ పొయ్యిందంట," అన్నాడు రాకేశ్. "రాత్రి ఒంటిగంటకు, బెంగుళూరు ఆస్పత్రిలో. ఈడికే తీసుకొస్తాండారు. తాడిపత్రి దాటినారంట."

"ఈడికంటే?"

"ఈ ఇంటికే. ఆమె మొగుడు కట్టిన ఇల్లు, చుట్టాలంతా ఈ ఊర్లోనే, ఈ ఇంట్లోంచే లేవాలని ఆమె చెప్పి పెట్టిందంట." అతను ఫోను తీశాడు. "అగ్రిమెంటు ప్రకారం ఇల్లు మీ చేతిలో ఉండాది. ఒక దినం ముందు చెప్పకుండా ఓనర్ కూడా లోపలికి రాగూడదు. మీరు ఒప్పుకుంటేనే. మీ ఫోనుకు ఒకటి వచ్చింటాది, నొక్కాల."

ఆమె చేతులు తుడుచుకుని ఫోను చూసింది. నేనూ చూశాను. 'తనిఖీ నిమిత్తం యజమాని రాక. అంగీకరిస్తున్నారా?' వాళ్ల యాప్‌లో ఓనరు ఇంటికి రావడానికి తనిఖీ తప్ప ఇంకో కారణం లేదట.

"పద్నాలుగోది ఆమెకు లేదా అప్పా?" అంది కౌసల్యమ్మ.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు లోపల సంతోషం వేసింది. కాదంటే ఆమెను ఎవరూ ఏమీ చెయ్యలేరు. పోనీ, అవుననే ముందు ఆ షరతు కొట్టేయించుకోవచ్చు. తల్లి శవంతో తాడిపత్రి దాటిన మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు. అడుగు తల్లీ, అడుగు, అని మనసులో అనుకున్నాను. నేను ఆమె స్థానంలో ఉంటే అడిగేవాణ్ణి.

ఆమె భర్త వైపు చూసింది. అతను అప్పటికే కాళ్లు కిందికి దించాడు.

"ఇల్లు కట్టించుకున్న మనిషి వస్తాంది," అన్నాడు. "మనల్ని అడిగేదేంది? మంచం తీయండి."

ఆమె బొటనవేలితో నొక్కింది. ఫోను కిణ్ణుమంది.

మేమందరం కలిసి మంచం విప్పి వంటింట్లో నిలబెట్టాం. అప్పడాల పీట, పిండి డబ్బాలు, ఆస్పత్రి కాగితాలు అన్నీ పక్క గదిలోకి నెట్టాం. కౌసల్యమ్మ హాలు తడిగుడ్డతో తుడిచి, దక్షిణం వైపు తల వచ్చేట్టు చాప పరిచి, తన కుందిలో తన నూనె పోసి దీపం సిద్ధం చేసింది. పన్నెండుకు అంబులెన్సు వచ్చింది. బజారులో చుట్టాల అంగళ్లన్నీ మూసి జనం వచ్చారు. షామియానా వేశారు, కుర్చీలు దింపారు. ఇంట్లో ఆడవాళ్లు నిండిపోయారు. చక్రపాణికి లోపల కాలు పెట్టే చోటు లేక వీధిలో షామియానా కింద ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. డయాలసిస్ గొట్టాలు పెట్టే చేతిని ఒళ్లో పెట్టుకుని అతను అక్కడే సాయంత్రం దాకా ఉన్నాడు. చాలామంది అతన్ని పోయినావిడ బంధువు అనుకుని నమస్కారం పెట్టారు. అతనూ పెట్టాడు.

"సొంతింట్లోంచి పోతాంది. పుణ్యాత్మురాలు," అని ఒకావిడ అంది. దానికి ఇంకో నలుగురు తలలూపారు. కౌసల్యమ్మ అప్పుడు వాళ్లకు మంచినీళ్లు ఇస్తోంది. గ్లాసులు ఖాళీ అయ్యేదాకా నిలబడి, అందుకుని, లోపలికి వెళ్లింది.

నాలుగు గంటలకు శవం లేచింది. ఆమె పసుపు నీళ్లతో ఇల్లంతా కడిగింది. నా భార్య వెళ్లి సాయం చేసింది. ఆరు దాటాక, స్నానం చేసిన తడి బట్టలతో శ్రీహరి దీపం చూడడానికి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, ఆరడుగులు ఉంటాడు. దీపానికి దండం పెట్టి, ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మీ మేలు మరిచిపోనమ్మా. కాదన్నింటే మా అమ్మను యాడికి తీసుకుపోదును. మీకేమన్నా కావాల్నంటే అడగండి."

మూడేళ్లలో ఆమె ఆ ఆఫీసు వెనకున్న దేవుణ్ణి మొదటిసారి ఎదురుగా చూసింది.

"ఆ పద్నాలుగోది కొట్టేయించప్పా," అంది. "వేరే ఏమీ వద్దు."

ఆ విషయం శ్రీహరికి తెలుసు. టికెట్లన్నీ అతని ఫోనుకే పోయాయి.

"అది మా అమ్మ రాయించిన మాటమ్మా," అన్నాడు. "ఈ ఇంట్లోంచి తానే లేవాల, ఇంకెవురూ లేవగూడదు అనేది. ఆమె పొయ్యి ఒక దినం కూడా కాలేదు. నేనెట్ల కొట్టేసేది, మీరే చెప్పండి."

అతని కళ్లలో నీళ్లు నిజమైనవి. నాకు ఒళ్లు మండింది అందుకే. దొంగ ఏడుపైతే అక్కడే నాలుగు మాటలనేవాణ్ణి. తల్లి మీద ప్రేమతోనే అతను కౌసల్యమ్మ మొగుణ్ణి వీధిలో పెట్టాడు. రెండు నెలల బాడుగ ఇవ్వొద్దని చెప్పి, మరోసారి దండం పెట్టి, కారు ఎక్కి చుట్టాలింటికి వెళ్లిపోయాడు.

నా ఇల్లు ఎదురుగా ఉంది. కింద హాలు ఆ హాలు కంటే పెద్దది. తలుపు తీసే ఉంది, లోపల లైటు వెలుగుతోంది. 'మా ఇంట్లో పెట్టుకోండమ్మా' అని ఒక్క మాట నేను అనొచ్చు. ఆరు నెలలు ఇల్లు మూయాల్సి వస్తే ఎక్కడికి పోవాలి, మేడ మీది వాళ్లు ఖాళీ చేస్తే ఏం చేయాలి, భార్య ఏమంటుంది, అన్నీ లెక్కేశాను. కౌసల్యమ్మ నా వైపు చూడను కూడా లేదు. మా ఇంటి పేరు ఆమె కొట్టేసి మూడేళ్లయింది.

షామియానా విప్పేవాళ్లు ఇంకా రాలేదు. కుర్చీలన్నీ ఖాళీ. చక్రపాణి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తలుపు దగ్గర జరిగిన మాటలన్నీ అతనికి వినపడే దూరమే. ఆమె బయటికి వచ్చి అతని ముందు నిలబడింది.

"లోపలికి రండి. మంచం వేసినా."

అతను లేవలేదు. పైన గుడ్డ వైపు చూశాడు, అటూ ఇటూ వీధి చూశాడు. పొయ్యి మీది దినుసు ఉడికిందో లేదో చూసేవాడిలా నెమ్మదిగా చూశాడు.

"ఈడ బాగానే ఉందిలే కౌసల్యా," అన్నాడు. "పైన గుడ్డ కడితే చాలు. గాలి వస్తాంది."

ఆమె పక్క కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈ మూడేళ్లలో ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అతను బాగున్న చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, వీధి వైపే చూస్తూ కూర్చున్నాడు.